అమ్మ మోకాలి లెక్క

ఇంట్లో అరవై తొమ్మిదేళ్ళ అమ్మమ్మ, ఏడేళ్ళ మనవరాలు, ఆదివారం పదింటిదాకా మంచం దిగని కుర్రాడు, నడుం నొప్పి నాన్న. వీళ్ళందర్నీ ఒకే కొండదారిలో నడిపించవచ్చా? రెండేళ్ళుగా నడిచి చూసిన ఒక కుటుంబం చెబుతున్న కథ.

"ఈజీయే అక్కా, నాలుగు కిలోమీటర్లే" అన్నాడు తమ్ముడు. వాడి ఫోన్‌లో ఆ దారి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క కూడా ఉంది. ఆకుపచ్చంటే సులువని అర్థమట. హైదరాబాద్‌కి గంటన్నర దూరంలో ఒక గుట్ట. కార్తీక మాసం, చల్లటి గాలి, ఆకాశం నిండా మబ్బు. రెండో కిలోమీటరు దాటీ దాటగానే అమ్మ ఒక బండ మీద కూలబడి, చెప్పులు విప్పి పక్కన జంటగా పెట్టుకుంది. అమ్మ చెప్పులు అలా పెట్టిందంటే ఆ పూటకి ఇక కదలదని మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

ముందుకి రెండు కిలోమీటర్లు, వెనక్కి రెండు. ఎటు వెళ్ళినా ఒకటే.

"ఇక్కణ్ణుంచి దిగుడేనమ్మా, సులువే" అన్నాను.

"ఎక్కితే ఊపిరి పోతుంది, దిగితే మోకాలు పోతుంది. ఏది ఉంచుకోమంటావో నువ్వే చెప్పు" అంది.

మా ఆయన ఒకవైపు, తమ్ముడు ఒకవైపు పట్టుకుని దింపేసరికి మధ్యాహ్నం రెండయింది. పులిహోర డబ్బా కారులోనే ఉండిపోయింది. చిన్నది ఆకలికి ఏడ్చి ఏడ్చి నా భుజం మీదే నిద్రపోయింది. ఇంటికొచ్చాక తప్పెవరిదని ఆలోచిస్తే తమ్ముడిది కాదు, అమ్మది అసలే కాదు, ఆ ఆకుపచ్చ చుక్కదే అనిపించింది. ఆ చుక్క పెట్టినవాడికి ముప్ఫై ఏళ్ళు దాటి ఉండవు. వాడి కాళ్ళతో కొలిచి, వాడికి సులువని రాసుకున్నాడు. అది చూసుకుని మేం అమ్మను తీసుకెళ్ళాం.

నడక మానేద్దామని ఎవరూ అనలేదు. విచిత్రంగా అమ్మ కూడా అనలేదు. కాకపోతే ఆ రోజు నుంచి కొలబద్ద మార్చాం. దారి ఎంత పొడవు, కొండ ఎంత ఎత్తు అన్నవి తర్వాత. కూర్చోవడానికి ఎక్కడెక్కడ చోటుంది, వెనక్కి తిరగాలంటే ఎక్కడ తిరగొచ్చు, అక్కణ్ణుంచి ఆటో దొరుకుతుందా అన్నవి ముందు.

స్కాట్లాండ్ సూత్రం, మా సవరణ

1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక చిన్న లెక్క చెప్పాడు. కొండదారుల్లో నడిచేవాళ్ళు ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. గంటకి ఐదు కిలోమీటర్ల చొప్పున దూరానికి వేసుకో, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకీ ఇంకో గంట కలుపుకో అన్నది దాని సారం. మనకు తెలిసిన దారి మీదే పెట్టి చూద్దాం. అలిపిరి నుంచి తిరుమలకి నడకదారి సుమారు 9 కిలోమీటర్లు. దూరానికి గంటా నలభై ఎనిమిది నిమిషాలు. కొండమీది ఊరు తిరుపతికన్నా సుమారు 700 మీటర్లు ఎత్తు. దానికి గంటా పది. మొత్తం మూడు గంటలు. అలవాటున్నవాళ్ళు నిజంగానే మూడు, మూడున్నర గంటల్లో ఎక్కేస్తారు. దొరగారి లెక్క తప్పు కాదు.

కానీ ఆయన లెక్కలో పిల్లలు లేరు. "అమ్మా, ఇంకెంత దూరం" అని నూరు అడుగులకోసారి అడిగేవాళ్ళు లేరు. దారిలో కనిపించిన ప్రతి గుడిముందూ ఆగి దణ్ణం పెట్టుకునే అత్తగార్లు లేరు. అందుకని మేం రెండు సవరణలు చేసుకున్నాం. ఒకటి, నెయిస్మిత్ ఎంతంటే దానికి రెట్టింపు. రెండు, దిగడానికి తక్కువ పడుతుందనుకోకుండా ఎక్కడానికి పట్టినంతా వేసుకోవడం. దిగేటప్పుడు ఒళ్ళు బరువంతా వచ్చి వంగిన మోకాలి మీద పడుతుంది. తొడ కండరాలు దాన్ని ఒడిసిపట్టుకోవాలి. అమ్మ వయసులో ముందు నీరసపడేవి ఆ కండరాలే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే నిలబడితే తగ్గుతుంది. దిగేటప్పుడు వచ్చిన నొప్పి మాత్రం మర్నాటిదాకా ఉంటుంది.

మెట్లకు అంకెలు వేసిన దారి

ట్రెక్కింగ్ అన్న మాట మనకి ఈమధ్యే వచ్చింది గానీ, ఇంటిల్లిపాదీ కలిసి కొండ ఎక్కడం మనకి కొత్త కాదు. అలిపిరి దారిలో ఒక్కసారి కళ్ళు తెరిచి నడిస్తే, ఆ దారి వేసినవాళ్ళు ముసలివాళ్ళ మోకాళ్ళనీ పసిపిల్లల కాళ్ళనీ ముందే లెక్కలోకి తీసుకున్నారని తెలుస్తుంది.

3,550 మెట్లు. మెట్ల మీద అంకెలుంటాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పిల్లలతో నడిచేవాళ్ళకి ఇంతకన్నా పెద్ద ఉపకారం లేదు. "ఇంకెంత దూరం" అన్న ప్రశ్న మా చిన్నది ఆ దారిలో ఒక్కసారి కూడా అడగలేదు. అంకె చూసుకుని తీసివేతలు చేసుకుంటూ ఎక్కింది. రెండో తరగతి లెక్కలు అంత శ్రద్ధగా బళ్ళో ఎప్పుడూ చేసి ఉండదు.

కింద, ఎక్కడం మొదలుపెట్టే చోటే తలయేరు గుండు ఉంటుంది. ఆ బండకి తల, మోకాళ్ళు ఆనిస్తే దారిలో నొప్పులుండవని నమ్మకం. అమ్మ ఆనించింది. మా ఆయనని కూడా నడుం ఆనించమంది. ఆయన చుట్టూ చూసి, ఎవరూ గమనించడం లేదని నిశ్చయించుకుని ఆనించారు.

కష్టమంతా మొదట్లోనే. మొత్తం మెట్లలో సగానికి పైగా గాలిగోపురం చేరేలోపే అయిపోతాయి. అక్కడ కాసేపు కూర్చుని కిందికి చూస్తే తిరుపతి ఊరంతా పరిచినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత చాలాదూరం దాదాపు చదునుగా, అడవి పక్కన, పైన కప్పు నీడలో సాగుతుంది దారి. చివర్లో మోకాళ్ళ మెట్టు మళ్ళీ నిలబెట్టి పరీక్ష పెడుతుంది. ఆ పేరు ఉట్టినే రాలేదు. ఆ మెట్లను మోకాళ్ళ మీద ఎక్కే భక్తులు ఇప్పటికీ ఉన్నారు.

అన్నమయ్య కథలో కూడా ఈ చోటు ఉంది. ఆయన మనవడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రాసిన చరిత్ర ప్రకారం, ఎనిమిదేళ్ళ వయసులో ఇంట్లో చెప్పకుండా తిరుమల బయల్దేరిన పిల్లవాడు ఇక్కడికొచ్చేసరికి ఆకలితో, అలసటతో సోలిపోయాడు. అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువలా వచ్చి, చెప్పులతో ఎక్కుతున్నావు గనుక కొండ కనిపించడం లేదని చెప్పి, ప్రసాదం పెట్టింది. భక్తులు దీన్ని ఒకలా చదువుతారు. పిల్లల్ని వెంటేసుకుని నడిచే తల్లిగా నేను ఇంకోలా చదువుకుంటాను. తొమ్మిది కిలోమీటర్ల దారిలో ఎనిమిదేళ్ళ పిల్లవాడు కచ్చితంగా ఎక్కడ కూలబడతాడో ఆ కథకి తెలుసు, అప్పుడేం చెయ్యాలో కూడా తెలుసు. ముందు తిండి పెట్టాలి.

ఆ దారిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవాళ్ళు మెట్టు మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్ళు. ప్రతి మెట్టు దగ్గరా వంగుతారు. మొత్తం దారిలో అందరికన్నా నెమ్మది వాళ్ళే. వాళ్ళని తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. మిగతావాళ్ళు పక్కకి తప్పుకుని, గోవిందా అని ముందుకి పోతారు. నగరంలో పొద్దుటి నడకకి వెళ్ళిన చోట అమ్మ నెమ్మదిగా నడుస్తుంటే వెనకనుంచి "ఎక్స్‌క్యూజ్ మీ" వినిపిస్తుంది. ఇక్కడ నెమ్మదితనానికి మొక్కు అని పేరు.

రెండో దారి శ్రీవారి మెట్టు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. దూరం తక్కువ కదా, అమ్మకి ఇదే నయమని మేం మొదట అనుకున్నాం. కూడికలు తీసివేతలు చేశాక మనసు మార్చుకున్నాం. అలిపిరి దారిలో సగటున రెండున్నర మీటర్లకి ఒక మెట్టు. శ్రీవారి మెట్టులో మీటరుకి ఒకటికన్నా ఎక్కువ. అంటే ఊపిరి పీల్చుకోవడానికి చదును నేల దాదాపు లేదు. తమ్ముడు, పెద్దవాడు అటు వెళ్ళారు, మేం ఇటు వచ్చాం. వాళ్ళు గంటన్నరలో ఎక్కేసి మాకోసం మధ్యాహ్నందాకా ఎదురుచూశారు. సామాను మొయ్యాల్సిన పని లేదు. కింద ఇచ్చేస్తే దేవస్థానం వాళ్ళే పైకి చేరుస్తారు.

అలిపిరి దారి గురించి ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి. 2023లో ఈ నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైంది. ఆ తర్వాత చిన్నపిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక దారిలోకి పంపకుండా దేవస్థానం ఆంక్ష పెట్టింది. ఆంక్షలు మారుతుంటాయి, బయల్దేరే ముందు కనుక్కోవాలి. పిల్లలు మాత్రం ఎప్పుడైనా సరే పెద్దల చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. అడవి పక్కన పరుగు పందేలు వద్దు.

తొమ్మిది గుళ్ళు, ఎవరి వాటా వాళ్ళకి

ఒకే ఊళ్ళో రకరకాల కాళ్ళకి రకరకాల దారులు దొరికే చోటు ఏదని నన్నడిగితే అహోబిలం అంటాను. నల్లమలలో నవ నారసింహ క్షేత్రాలు చెదురుమదురుగా ఉంటాయి. ఛత్రవట, యోగానంద గుళ్ళ దగ్గరికి బండి వెళుతుంది. ఎగువ అహోబిలంలో అసలు గుడి కూడా అంతే. అక్కణ్ణుంచి భవనాశిని పక్కనే రాళ్ళమీద నడుచుకుంటూ వెళితే వరాహ నరసింహుడు. ఇంకా పైకి, జలపాతం కింద తడుస్తూ వెళితే జ్వాలా నరసింహుడు. వీటన్నిటినీ మించింది ఉగ్రస్తంభం. నిట్టనిలువు బండల మీద చేతులూ కాళ్ళూ వేసి ఎక్కాలి. హిరణ్యకశిపుడి సభలో పగిలిన స్తంభం అదేనంటారు.

మేం వెళ్ళినరోజు మా ఆరుగురం మూడు ముక్కలయ్యాం. అమ్మా నేనూ వరాహస్వామి దగ్గర ఆగిపోయాం. మా ఆయన, పిల్లలు జ్వాలా దాకా వెళ్ళొచ్చారు. తమ్ముడు ఒక్కడే ఉగ్రస్తంభం అని బయల్దేరి, ముప్పాతిక దూరంలో మబ్బు పట్టడం చూసి దిగొచ్చేశాడు. వాడలా వెనక్కి రావడం నేను మొదటిసారి చూశాను. నడవలేనివాళ్ళని పైకి మోసుకెళ్ళే డోలీలు కూడా అక్కడున్నాయి. అమ్మని ఎక్కమంటే, "మనిషి భుజం మీద నేనెందుకూ, స్వామికి ఇక్కణ్ణుంచే వినబడుతుంది" అని ఏటి ఒడ్డున నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

అదే నల్లమలలో, చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర మాత్రం ఇలా కుటుంబంతో వెళ్ళేది కాదు. లోయలోకి దిగే దారి ఇరుకు, జనం వేలల్లో, పైగా ఎండలు ముదిరే రోజులు. "వస్తున్నం లింగమయ్యా" అని అరుచుకుంటూ దిగే ఆ జనంలో పసిపిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళ ధైర్యానికి దణ్ణం పెడతాను, సలహాగా మాత్రం చెప్పను.

పైకి కారు, పక్కన సముద్రం

అమ్మది విశాఖపట్నం. ఆవిడకి కొండ అంటే పక్కన సముద్రం ఉండాలి. లేకపోతే అది కొండ కాదు, గుట్ట. అందుకని సంక్రాంతి సెలవులకి అక్కడికి వెళ్ళినప్పుడల్లా నడకలు అమ్మ అధ్యక్షతన జరుగుతాయి.

భీమిలి రోడ్డు మీద తొట్లకొండ ఉంది. రెండువేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు వర్షాకాలం గడిపిన చోటు. 1970లలో నౌకాదళం వాళ్ళు ఆకాశం నుంచి సర్వే చేస్తుండగా బయటపడింది. కొండమీద బండలో తొలిచిన నీళ్ళ తొట్లు ఉన్నాయి గనుక తొట్లకొండ. పక్కనే బావులున్న కొండ బావికొండ. పేర్లు పెట్టడంలో మనవాళ్ళు ఎప్పుడూ తికమకపడలేదు. పైదాకా తారురోడ్డు ఉంది. అమ్మ, చిన్నది, మా ఆయన కారులో వెళతారు. నేనూ తమ్ముడూ పెద్దవాడూ కిందనే దిగి రోడ్డు మలుపుల వెంట నడుస్తాం. పైన స్తూపం, విహారాల పునాదులు, భిక్షువుల గదుల ఆనవాళ్ళ మధ్య అందరం కలుస్తాం. అక్కణ్ణుంచి చదును నేలే. ఎంత నడిస్తే అంత. కింద బంగాళాఖాతం. భిక్షువులకి చోటు ఎంచుకోవడం బాగా తెలుసంటుంది అమ్మ. కొండ మీద నీళ్ళు, ఎదురుగా ఓడరేవుకి వచ్చే పడవలు, భిక్షకి కింద ఊళ్ళు.

ఇలా రెండు జట్లుగా వెళ్ళి పైన కలిసే పద్ధతి మోకాళ్ళ నొప్పులున్న ఇళ్ళన్నిటికీ పనికొస్తుంది. పైకి బండి వెళ్ళే కొండలు మనకి బోలెడు. కైలాసగిరి మీద బుల్లి రైలు కూడా ఉంది. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లకి పైన ఎత్తు. కారు దిగిన చోటి నుంచి గాలిబండ దాకా ఎవరైనా నడవగలరు, వేసవిలో కూడా. ఆ కొండకి అసలు పేరు ఏనుగుమల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా చేసిన హార్స్‌లీ దొర ఎండ తప్పించుకోవడానికి అక్కడ ఇల్లు కట్టుకోవడంతో పేరు మారిపోయింది.

విశాఖలోనే సింహాచలం. అక్కడి గిరి ప్రదక్షిణ గురించి రాయకపోతే అమ్మ ఊరుకోదు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడితే అడివివరం, హనుమంతవాక, అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానం, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్ళీ కొండ పాదానికి. మొత్తం 32 కిలోమీటర్లు. వినడానికి భయం వేస్తుంది. కానీ ఒక్కసారి ఆ దారి చూడండి. ఎత్తు లేదు. ఊరి మధ్యలోంచే వెళుతుంది. అడుగడుగునా మజ్జిగ, మంచినీళ్ళు, పులిహోర పెట్టేవాళ్ళుంటారు. ఎక్కడ ఓపిక అయిపోతే అక్కడ ఆగి ఇంటికెళ్ళిపోవచ్చు. మోకాలి లెక్కలో నాలుగు కిలోమీటర్ల ఆకుపచ్చ చుక్క కన్నా ఇదే క్షేమం. అసలు నడవలేనివాళ్ళు గుడిలోనే ప్రదక్షిణ చేసుకుంటారు. నేను ఇంటర్ చదివే రోజుల్లో అమ్మ మొత్తం 32 కిలోమీటర్లూ పూర్తిచేసింది. నిరుడు హనుమంతవాక దగ్గర ఆగింది. "అప్పన్నకి తెలుసులే నా మోకాలి సంగతి" అని అక్కడే ఒక షాపు మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయే జనాన్ని రెండుగంటలు చూసింది.

సంచిలో ఏముంది

పెద్దగా ఏమీ లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. ఉప్పేసిన మజ్జిగ ఒక సీసా. చిన్న అరటిపండ్లు, వేరుశెనగ పప్పుచెక్క. పులిహోర డబ్బా కారులో కాదు, సంచిలో ఉండాలి. ఇది మేం డబ్బు పెట్టి కొనుక్కున్న జ్ఞానం కాదు, పస్తుండి తెలుసుకున్నది. అమ్మకి చేతికర్ర. మొదట్లో "నేనేం ముసలిదాన్నా" అంది. తమ్ముడు రంగుల ట్రెక్కింగ్ పోల్ తెచ్చి, ఇది కర్ర కాదని చెప్పాక ఒప్పుకుంది. దిగేటప్పుడు మోకాలి మీద పడే బరువులో కొంత చేతి మీదకి మళ్ళుతుంది. పిల్లలకి మెడలో ఈల. తప్పిపోతే ఉన్నచోటే నిలబడి ఊదాలి. మామూలప్పుడు ఊదితే పకోడీలు బంద్.

కోతులున్న చోట చేతిలో ప్లాస్టిక్ కవర్ పట్టుకోకూడదు. కవర్ చప్పుడంటే వాటికి భోజనం గంట. తేనెపట్టు కనబడితే నిశ్శబ్దంగా పక్కనుంచి తప్పుకోవాలి. అత్తరు పూసుకుని కొండ ఎక్కకూడదు. రాతిగుట్టలైతే శివరాత్రి దాటాక తెల్లవారుజామునే వెళ్ళి ఎండెక్కేలోపు దిగిపోవాలి. మన బండలు ఎండని దాచుకుంటాయి. సాయంత్రం గాలి చల్లబడినా బండ చల్లబడదు. వానాకాలంలో అవే బండలు పాచిపట్టి జారుతాయి. రాతిదారులకి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం.

ఆడవాళ్ళు అడగడానికి మొహమాటపడే విషయం ఒకటుంది. మరుగుదొడ్డి. పెద్దవాళ్ళు దారిలో నీళ్ళు తాగకపోవడానికి సగం కారణం ఇదే. నీళ్ళు తాగరు, కళ్ళు తిరుగుతాయి, నడక చేతకాలేదని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. బయల్దేరే ముందు దారి పొడవు కనుక్కున్నట్టే ఇదీ కనుక్కోండి. చాలాచోట్ల జవాబు నిరాశగానే ఉంటుంది. కొండకి రోప్‌వే వేస్తాం, గాజు వంతెన కడతాం అని ప్రకటనలు వస్తుంటాయి. ఒక చేతికడ్డీ, నూరడుగులకో అరుగు, తలుపు గడియ పడే మరుగుదొడ్డి కడతామని ప్రకటించిన నాయకుణ్ణి నేనింతవరకూ చూడలేదు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. కారు ఆగిన చోట మొదలయ్యే ఆ నాలుగు మెట్లే వాళ్ళని ఆపేస్తాయి.

పట్నం చుట్టూ

హైదరాబాద్ వాళ్ళకి కొండ కోసం దూరం పోవాల్సిన పని లేదు. ఊరే రాళ్ళ మీద కట్టారు. ఇక్కడి గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్ళు. ఖాజాగూడ గుట్టల్లో ఒక దర్గా, ఒక గుడి, ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టుండే గుండ్లు. ఎత్తు పెద్దగా లేదు, కానీ దారి అంటూ ఒకటి లేదు, కాలు ఎక్కడ పెట్టాలో మనమే వెతుక్కోవాలి. పిల్లలకి పండగ, అమ్మకి కాదు. ఈ రాళ్ళని క్వారీల నుంచి, వెంచర్ల నుంచి కాపాడాలని 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు జనాన్ని వెంటబెట్టుకుని ఈ గుట్టల్లో నడిపిస్తుంటారు. కొత్తవాళ్ళకి అలాంటి గుంపుతో మొదటిసారి వెళ్ళడమే మేలు.

అనంతగిరి అందరికీ తెలిసిందే. వికారాబాద్ దగ్గర చెట్ల నీడలో మెత్తటి మట్టిదారి, అనంత పద్మనాభస్వామి గుడి. గాలి మంచిదని ఒకప్పుడు క్షయ రోగుల ఆసుపత్రి కట్టింది అక్కడే. మూసీ పుట్టేదీ అక్కడే. ఈ నీళ్ళే మన మూసీ అంటే చిన్నది నమ్మలేదు. "వాసన రావట్లేదుగా" అంది.

భువనగిరి వేరే కథ. ఒకే రాయి, గుడ్డులా నున్నగా, 500 అడుగుల ఎత్తు. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట. మొదట్లో మెట్లు, ద్వారాలు. పైకి వెళ్ళేకొద్దీ వట్టి బండ. 2014 మే 25న పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట రాళ్ళెక్కడం నేర్చుకుంది ఈ బండ మీదే. ఈ ముక్క చెప్పాక మా పదమూడేళ్ళవాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు. పైదాకా నోరెత్తకుండా ఎక్కాడు. అమ్మ మొదటి ద్వారం గడప మీద కూర్చుని, దిగొచ్చేవాళ్ళందర్నీ "పైన గాలి బాగుందా నాయనా" అని పలకరిస్తూ, మేం వచ్చేసరికి ముగ్గురితో స్నేహం చేసేసింది. వాళ్ళలో ఒకావిడ ఇప్పటికీ పొద్దునే ఫోన్‌లో పువ్వుల బొమ్మ పంపిస్తుంది.

చివరికి మిగిలింది గోల్కొండ. ఊళ్ళోనే ఉంది కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చని అందరం వాయిదా వేసేదే. మొన్న పుష్యమాసంలో, గేటు తియ్యగానే లోపలికెళ్ళాం. చప్పట్లు కొట్టే కమాను కింద చిన్నది చప్పట్లు కొట్టింది. తమ్ముడు ముందే పరుగెత్తి పైకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఫోన్ చేసి "వినబడింది, వినబడింది" అన్నాడు. ఫోన్‌లో చెప్పాడు గనుక నమ్మాల్సొచ్చింది. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. అందుకని ఎదురొచ్చేవాళ్ళని తప్పుకోవాల్సిన అవస్థ తక్కువ. మెట్లు వెడల్పుగా ఉంటాయి. సగం దారిలో రామదాసు చెర. అమ్మ అక్కడ చాలాసేపు నిలబడింది. భక్తి ఎంతో, విశ్రాంతి ఎంతో నేను అడగలేదు. పైన మహంకాళమ్మ గుడి. ఆషాఢంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఇక్కడే. తలమీద బోనం కుండ, కుండ మీద దీపం పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా ఈ మెట్లన్నీ ఎక్కే ఆడవాళ్ళని తలుచుకుంటే నా సంచీ బరువు గురించి మాట్లాడబుద్ధి కాలేదు.

బాలా హిస్సార్ పైకి 360 మెట్లని అంటారు. నాలుగుసార్లు కూర్చుని, రెండుసార్లు మజ్జిగ తాగి, గంటన్నరలో అమ్మ మొత్తం ఎక్కేసింది. బారాదరి గోడ పక్కన నిలబడి కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాల్ని చూసి, "అంత పెద్ద కోట కట్టుకుని అంత దగ్గర్లోనే పడుకున్నారన్నమాట" అంది.

దిగి, కార్లో కూర్చున్నాక గొడవ మొదలైంది.

"మూడొందల నలభై ఒకటి" అంది చిన్నది.

"మూడొందల డెబ్భై రెండు. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను" అంది అమ్మ.

"అమ్మమ్మా, నువ్వు కూర్చున్నప్పుడల్లా మర్చిపోయుంటావు."

"నువ్వు రెండేసి మెట్లు ఎగిరావు, నేను చూశాను."

360 అని పుస్తకాల్లోనే ఉందని మా ఆయన సర్దబోయారు. ఇద్దరూ ఆయన మాట వినలేదు. టోలిచౌకి దాటేదాకా వాదించుకుని, వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళి కలిసి లెక్కపెట్టాలని తేల్చారు. పెద్దవాడు కాయితం, పెన్సిలు పట్టుకుని వెనకే రావాలట. వాణ్ణి ఎవరూ అడగలేదు.